క్షేత్ర డేటా లాగర్లలో యూఎస్‌బీ పరికరాల స్థిరమైన గుర్తింపు: మెట్ట ప్రాంత ప్రయోగాలకు ఒక ఆవశ్యకత

నేల తేమ, నేల ఉష్ణోగ్రత, గాలిలో తేమ, బోరుబావి నీటిమట్టం వంటి అంశాలను గంటగంటకూ నమోదు చేసే చిన్న కంప్యూటర్లు వ్యవసాయ పరిశోధనలో భాగమయ్యాయి. 2012 ఫిబ్రవరి 29న రాస్ప్‌బెర్రీ పై విడుదలైన తరువాత, లినక్స్ నడిచే ఇటువంటి బోర్డుతో స్నాతకోత్తర విద్యార్థి సైతం తన ప్రయోగానికి కావలసిన డేటా లాగరును స్వయంగా కూర్చుకోగలుగుతున్నాడు. ఖరీదైన లాగర్ల మీద ఆధారపడటం తగ్గడం హర్షణీయమే. అయితే ఖరీదైన లాగరులో తయారీదారు ముందే పరిష్కరించి ఇచ్చిన కొన్ని చిక్కులు, స్వయంగా కూర్చుకున్న లాగరులో పరిశోధకుని బాధ్యతగా మారతాయి. వాటిలో తగినంత శ్రద్ధకు నోచుకోనిది యూఎస్‌బీ ద్వారా కలిపిన సెన్సర్ల గుర్తింపు.

ఏ సెన్సరు ఏ మడిలో ఉన్నదో కంప్యూటరుకు ప్రతిసారీ ఒకే విధంగా తెలియాలి. అది తెలియనప్పుడు సెన్సరు ఎంత ఖచ్చితమైనదైనా దాని కొలత వల్ల ప్రయోజనం ఉండదు. ఈ గుర్తింపును సాంకేతిక సహాయకునికి అప్పగించే చిన్న పనిగా భావించే ధోరణి సరైనది కాదు. మడుల కేటాయింపు, పునరావృత్తుల సంఖ్య, నమూనాల సేకరణ పద్ధతి ఎంత ముఖ్యమో, పరికరాల నామకరణం కూడా ప్రయోగ రూపకల్పనలో అంతే ముఖ్యమైన భాగమని గుర్తించవలసి ఉంది.

పేరు ఎందుకు మారుతుంది

యూఎస్‌బీ ప్రమాణం తొలిసారి 1996లో వెలువడింది. పరికరాన్ని పోర్టుకు తగిలించగానే హబ్ ఆ సంగతిని కంప్యూటరుకు తెలుపుతుంది. కంప్యూటరు ఆ పోర్టును రీసెట్ చేసి, పరికరానికి 1 నుండి 127 లోపల ఒక తాత్కాలిక చిరునామాను కేటాయిస్తుంది. ఆపై పరికరం తన వివరాలను తెలియజేస్తుంది. వాటిలో తయారీదారు సంఖ్య, ఉత్పత్తి సంఖ్య తప్పనిసరిగా ఉంటాయి. ఆ ఒక్క పరికరానికే చెందే క్రమసంఖ్య మాత్రం ప్రమాణం ప్రకారం ఐచ్ఛికం. సమస్యకు మూలం ఇక్కడే ఉంది.

సెన్సర్లను యూఎస్‌బీకి కలిపే సీరియల్ కన్వర్టర్లకు లినక్స్ కెర్నల్ ‘టీటీవైయూఎస్‌బీ0’, ‘టీటీవైయూఎస్‌బీ1’ అనే వరుసలో పేర్లు ఇస్తుంది. ఈ అంకెకు పరికరంతో గాని, పోర్టుతో గాని సంబంధం లేదు. ఎవరు ముందు కనిపిస్తే వారికి ముందు అంకె. పెళ్లి భోజనాల బంతిలో కూర్చున్న వరుసను బట్టి అతిథులకు పేర్లు పెడితే, రెండో బంతిలో అవే పేర్లు మరొకరికి చెందుతాయి. కెర్నల్ చేసేది ఇంతకు భిన్నం కాదు.

ఈ వరుస మారడానికి ప్రధానంగా మూడు కారణాలున్నాయి. మొదటిది, యంత్రం ఆరంభమయ్యే వేళ పరికరాలు సిద్ధమయ్యే వేగంలో ఉండే తేడా. హబ్‌లో పోర్టులకు విద్యుత్తు అందిన క్షణం, పరికరంలోని చిప్పు మేల్కొనే సమయం ప్రతిసారీ ఒకే విధంగా ఉండవు. రెండవది, ఫోన్ నెట్‌వర్క్ ద్వారా డేటా పంపే మోడెమ్ డాంగిల్. అనేక డాంగిళ్లు మొదట తమను సీడీ డ్రైవుగా పరిచయం చేసుకొని, లినక్స్ ప్రత్యేకంగా ఆదేశించిన తరువాతే మోడెమ్‌గా మారతాయి. మారిన మీదట ఒకే డాంగిల్ మూడు, నాలుగు సీరియల్ పోర్టులుగా కనిపించడం పరిపాటి. మోడెమ్ త్వరగా సిద్ధమైతే 0, 1, 2 అంకెలు దానికి పోయి సెన్సర్లకు 3, 4 వస్తాయి. ఆలస్యమైతే సెన్సర్లు 0, 1 అవుతాయి.

మూడవ కారణం యంత్రం నడుస్తుండగానే ఎదురవుతుంది. వోల్టేజి ఒక్క క్షణం పడిపోయి సెన్సరు కన్వర్టరు తెగి మళ్లీ కలిసిందనుకుందాం. ప్రోగ్రాము పాత పోర్టును ఇంకా తెరిచి ఉంచినందున ఆ అంకె ఖాళీ కాదు. తిరిగి వచ్చిన కన్వర్టరుకు తరువాతి ఖాళీ అంకె లభిస్తుంది. ఒకే తీగ, ఒకే పోర్టు, ఒకే సెన్సరు. అయినా పేరు మాత్రం కొత్తది.

రాచర్ల వంటి చోట్ల దీని తీవ్రత

ప్రయోగశాలలో నిరంతర విద్యుత్తు మధ్య నెలల తరబడి ఈ లోపం బయటపడకపోవచ్చు. పశ్చిమ ప్రకాశంలో పరిస్థితి వేరు. రాచర్ల మండలం నల్లమల కొండల పాదాల చెంత ఉన్న మెట్ట ప్రాంతం. మార్కాపురం, గిద్దలూరు తాలూకాలు 1970లో కొత్త జిల్లా ఏర్పడే వరకు కర్నూలు జిల్లాలో ఉండేవి. వాటి వ్యవసాయ స్వభావం నేటికీ కోస్తా కన్నా రాయలసీమకే దగ్గర. గుండ్లకమ్మ ఈ ప్రాంతం గుండా పారుతున్నప్పటికీ సేద్యానికి అధిక భాగం ఆధారం వర్షం, చెరువు, బోరుబావి. ఆ నది మీదనే విజయనగర కాలంలో నిర్మించిన కంభం చెరువును అంతర్జాతీయ నీటిపారుదల, మురుగునీటి పారుదల సంఘం 2020లో ప్రపంచ వారసత్వ నీటిపారుదల కట్టడంగా గుర్తించింది. శ్రీశైలం జలాశయం నుండి సొరంగాల ద్వారా కృష్ణా జలాలను తెచ్చేందుకు తలపెట్టిన పూల సుబ్బయ్య వెలిగొండ ప్రాజెక్టు మీద ఈ ప్రాంత రైతులు దీర్ఘకాలంగా ఆశలు పెట్టుకొన్నారు. ఇటువంటి నేలలో ఒక్క తడి ఆదా అయినా రైతుకు లెక్కే. ఏ తడి అవసరం, ఏ తడి అనవసరం అని తేల్చే నేల తేమ ప్రయోగాలకు ఇక్కడ ఉన్న విలువ డెల్టాలో ఉన్న దానికంటె ఎక్కువ.

విచిత్రమేమంటే, ప్రయోగం ఎక్కడ ఎక్కువ అవసరమో అక్కడే లాగరుకు పరీక్ష కూడా ఎక్కువ. వ్యవసాయ ఫీడర్ల మీద విద్యుత్తు రోజులో నిర్ణీత గంటలే వస్తుంది. గాలివానలకు మధ్యలో తెగుతుంది. సౌర పలక, బ్యాటరీ మీద నడిచే లాగరు మబ్బు రోజుల్లో నిస్సత్తువకు లోనవుతుంది. బోరు మోటారు ఆరంభమైనప్పుడు అదే లైను మీది వోల్టేజి కుంగుతుంది. ఇలా యంత్రం ఆగి మళ్లీ మొదలైన ప్రతిసారీ సెన్సర్ల వరుస కొత్తగా నిర్ణయమవుతుంది. ఒంగోలు నుండి రాచర్ల వంద కిలోమీటర్లకు పైబడిన దూరం. దర్శి కృషి విజ్ఞాన కేంద్రం నుండి గాని, గుంటూరు లాం నుండి గాని శాస్త్రవేత్త వచ్చి చూసే వరకు లోపం అలాగే కొనసాగుతుంది. అందువల్ల క్షేత్రంలో ఎవరూ లేనప్పుడు కూడా తన సెన్సర్లను తానే సరిగా గుర్తుపట్టే లాగరు ఈ ప్రాంతానికి కనీస అవసరం.

కంటికి కనబడని తప్పు

పేర్ల మార్పు వల్ల కలిగే తప్పులు రెండు రకాలు. సెన్సరు ఉండవలసిన పేరు మీద మోడెమ్ ఉంటే ప్రోగ్రాముకు అర్థం కాని సమాధానం వస్తుంది, డేటా ఆగిపోతుంది, లోపం బయటపడుతుంది. ఇది నష్టమే గాని ప్రమాదం కాదు. ఒకే రకానికి చెందిన రెండు సెన్సర్లు పరస్పరం పేర్లు మార్చుకున్నప్పుడు మాత్రం డేటా ఆగదు, అంకెలు అసంభవంగా ఉండవు, ఎవరికీ అనుమానం రాదు. ఒక మడి తేమ మరొక మడి ఖాతాలో నిశ్శబ్దంగా చేరుతుంది.

దీని ప్రభావాన్ని ఒక ఊహాత్మక ఉదాహరణతో చూడవచ్చు. కంది పంటలో పూర్తి తడి, లోటు తడి అనే రెండు ట్రీట్‌మెంట్లు, మూడు పునరావృత్తులు ఉన్నాయనుకుందాం. పూర్తి తడి మడుల్లో నేల తేమ 24 శాతం, లోటు తడి మడుల్లో 15 శాతం. నిజమైన తేడా 9. మూడింటిలో ఒక్క పునరావృత్తిలో రెండు సెన్సర్ల పేర్లు తారుమారైతే, మొదటి ట్రీట్‌మెంటు సగటు 24, 24, 15ల సగటుగా 21 అవుతుంది. రెండవది 15, 15, 24ల సగటుగా 18 అవుతుంది. తేడా 9 నుండి 3కు, అంటే మూడో వంతుకు పడిపోతుంది. అంతేకాక పునరావృత్తుల మధ్య వైవిధ్యం పెరిగి, ప్రయోగ దోషం కూడా ఉబ్బుతుంది. గణాంక విశ్లేషణ చివరకు ‘గణనీయమైన తేడా లేదు’ అని తేల్చుతుంది. నేల అబద్ధం చెప్పలేదు, సెన్సరు అబద్ధం చెప్పలేదు. పేరు మాత్రమే చెప్పింది.

ఒకే మడిలో 15 సెంటీమీటర్లు, 45 సెంటీమీటర్ల లోతుల్లో పెట్టిన సెన్సర్లు తారుమారైతే మరొక అనర్థం ఉంది. పైపొర త్వరగా ఆరుతుంది, లోపలి పొర నిదానంగా ఆరుతుంది. పేర్లు మారితే వేర్లు లోపలి నీటినే ముందుగా పీలుస్తున్నాయన్న తప్పుడు చిత్రం ఏర్పడుతుంది. దాని ఆధారంగా తడుల మధ్య వ్యవధిని పెంచమని గాని, తగ్గించమని గాని రైతుకు సలహా వెళితే, మూల్యం చెల్లించేది రైతు. నమోదైన డేటాను తరువాత సరిదిద్దుకోవచ్చునన్న ఆశ కూడా తరచు నెరవేరదు. పేరు ఏ క్షణంలో మారిందో ఫైలులో రాసి లేనప్పుడు, ఏ వరుస నుండి తిరగరాయాలో తేల్చే దారి లేదు.

గుర్తింపుకు మూడు ఆధారాలు

లినక్స్ ఈ సమస్యకు పరిష్కారాన్ని చాలా కాలం క్రితమే అందించింది. పరికరానికి ఏ పేరు ఉండాలన్న నిర్ణయం కెర్నల్ లోపల కాక బయట, వాడుకరి చేతిలో ఉండాలన్న ఉద్దేశంతో గ్రెగ్ క్రోవా-హార్ట్‌మన్ 2003లో యూడెవ్‌ను పరిచయం చేశారు. 2012లో అది సిస్టమ్‌డీలో విలీనమైంది. కెర్నల్ ఇచ్చిన పేరును అలాగే ఉంచి, దానికి తోడుగా వాడుకరి కోరిన స్థిరమైన మారుపేరును ఒక లంకెగా సృష్టించడం యూడెవ్ నియమం చేసే పని. ప్రోగ్రాము ఆ మారుపేరునే తెరిస్తే అంకెలు ఎన్నిసార్లు మారినా ఇబ్బంది ఉండదు. డిస్కులను వరుస పేర్లతో కాక వాటి విశిష్ట గుర్తింపు సంఖ్యతో జతచేయడం, నెట్‌వర్క్ కార్డులకు 2013 నుండి సిస్టమ్‌డీ స్థిరమైన పేర్లు ఇవ్వడం ఇదే సూత్రానికి ఇతర రూపాలు.

యూడెవ్ నియమం ఆధారపడగల గుర్తులు మూడు. మొదటిది తయారీదారు సంఖ్య, ఉత్పత్తి సంఖ్యల జంట. ఉదాహరణకు ఎఫ్‌టీడీఐ సంస్థ ఎఫ్‌టీ232ఆర్ చిప్పుకు ఇది 0403, 6001. ఇది పరికరపు రకాన్ని మాత్రమే చెబుతుంది. మోడెమ్‌ను సెన్సరు నుండి వేరు చేయడానికి చాలు. ఒకే రకానికి చెందిన రెండు సెన్సర్లను వేరు చేయడానికి చాలదు.

రెండవది క్రమసంఖ్య. ఎఫ్‌టీడీఐ చిప్పుల్లో సాధారణంగా ప్రతి దానికీ వేరు క్రమసంఖ్య ఉంటుంది. చవకగా దొరికే సీహెచ్340జీ చిప్పులో క్రమసంఖ్యే ఉండదు. సీపీ2102 చిప్పుతో వచ్చే అనేక చవక బోర్డుల్లో అన్నింటికీ ‘0001’ అనే ఒకే సంఖ్య ఉంటుంది. ఊరిలో అందరికీ ఒకే ఇంటి నంబరు ఇచ్చినట్లు ఇది నిష్ప్రయోజనం. అయితే ఎఫ్‌టీ232ఆర్, సీపీ2102 చిప్పుల్లో ఈ సంఖ్యను తిరిగి రాసే వీలున్నందున, ప్రయోగశాల తన సొంత క్రమసంఖ్యలను వాటిలో నమోదు చేసుకోవచ్చు.

మూడవది పోర్టు మార్గం. ఏ బస్సు మీద, ఏ హబ్‌లో, ఎన్నవ పోర్టుకు పరికరం తగిలించి ఉన్నదో తెలిపే భౌతిక చిరునామా ఇది. పరికరానికి క్రమసంఖ్య లేకపోయినా ఇది పనిచేస్తుంది. తీగను ఒక పోర్టు నుండి మరొక పోర్టుకు మారిస్తే మాత్రం గుర్తింపు కూడా మారుతుంది. సాధారణ డెబియన్ ఆధారిత వ్యవస్థల్లో సీరియల్ పరికరాలకు క్రమసంఖ్య ఆధారిత లంకెలు, పోర్టు మార్గం ఆధారిత లంకెలు రెండు వేర్వేరు డైరెక్టరీల్లో వాటంతట అవే సిద్ధమవుతాయి. క్రమసంఖ్య లేని రెండు ఒకే రకపు కన్వర్టర్లు ఉన్నప్పుడు మొదటి డైరెక్టరీలో రెండింటికీ కలిపి ఒకే లంకె మిగులుతుందన్న సంగతి గుర్తుంచుకోవాలి.

నియమం రాసేటప్పుడు ఒక మెళకువ అవసరం. సీరియల్ పోర్టుకు పైన కన్వర్టరు, దాని పైన హబ్, ఆ పైన కంట్రోలరు ఇలా తల్లి పరికరాల వరుస ఉంటుంది. ఒకే నియమంలో తల్లి పరికరాల గుర్తులను వాడినప్పుడు అవన్నీ ఒకే తల్లికి చెందినవై ఉండాలి. కన్వర్టరు క్రమసంఖ్యను, హబ్ ఉత్పత్తి సంఖ్యను కలిపి రాసిన నియమం ఏనాటికీ సరిపోలదు. తప్పు సందేశం కూడా రాదు. కొత్తవారు అనేక గంటలు నష్టపోయేది ఇక్కడే.

చోటుకు పోర్టు, కొలతకు క్రమసంఖ్య

క్రమసంఖ్య మేలా, పోర్టు మార్గం మేలా అన్న చర్చలో ఏదో ఒకదాన్నే ఎంచుకోవడం క్షేత్ర ప్రయోగాలకు సరిపోదు. ఈ రెండు గుర్తులు రెండు వేర్వేరు ప్రశ్నలకు సమాధానాలు. కొలత ఏ చోటుకు చెందినదన్నది మొదటి ప్రశ్న. ఏ పరికరం కొలిచిందన్నది రెండవ ప్రశ్న. మూడో మడి నుండి వచ్చే తీగ లాగరు పెట్టెలో ఎప్పుడూ మూడో పోర్టుకే చేరుతుంది. కనుక చోటును చెప్పవలసినది పోర్టు మార్గం. ప్రతి సెన్సరుకు విడిగా చేసిన క్యాలిబ్రేషన్ గుణకాలు ఆ సెన్సరుతోనే ప్రయాణిస్తాయి. కనుక కొలతను సరిదిద్దవలసినది క్రమసంఖ్య.

రాచర్లలో ఒక కన్వర్టరు పిడుగుపాటుకు దెబ్బతిన్నదనుకుందాం. క్షేత్ర సహాయకుడు పెట్టెలో ఉన్న కొత్త కన్వర్టరును అదే పోర్టుకు తగిలిస్తాడు. గుర్తింపు క్రమసంఖ్య మీద మాత్రమే ఆధారపడి ఉంటే, శాస్త్రవేత్త వచ్చి నియమాన్ని మార్చే వరకు డేటా ఆగిపోతుంది. పోర్టు మీద ఆధారపడి ఉంటే నమోదు వెంటనే కొనసాగుతుంది, కొత్త క్రమసంఖ్య కూడా వరుసలో చేరి మార్పు జరిగిన క్షణాన్ని పట్టి ఇస్తుంది. అందువల్ల పేరు పోర్టును బట్టి ఉండాలి, నమోదయ్యే ప్రతి వరుసలో క్రమసంఖ్య కూడా ఉండాలి. దూరప్రాంత కేంద్రాలకు ఈ జంట పద్ధతి అత్యంత అనువైనది.

దీనివల్ల మరొక సౌకర్యం ఉంది. ఒక లాగరులో సిద్ధం చేసిన ఎస్‌డీ కార్డు నకలును పది కేంద్రాలకు పంపడం సాధారణ పద్ధతి. క్రమసంఖ్యలతో రాసిన నియమాలు ఆ పది చోట్లా పనిచేయవు. పోర్టు మార్గంతో రాసిన నియమాలు, బోర్డు, హబ్ ఒకే నమూనావైతే అన్ని చోట్లా పనిచేస్తాయి. బోర్డు నమూనా మారితే మాత్రం మార్గాలు మారతాయి. కొనుగోలులో ఏకరూపత అందుకే అవసరం.

ఇంత చేసినా ఒక పరిమితి మిగులుతుంది. యూఎస్‌బీ గుర్తింపు కన్వర్టరు చిప్పుకు చెందినది. మట్టిలో పాతిన సెన్సరుకు చెందినది కాదు. కన్వర్టరుకు ఇవతల వైపు రెండు సెన్సర్ల తీగలను ఎవరైనా తారుమారు చేస్తే యూడెవ్‌కు తెలిసే వీలు లేదు. వీలున్న చోట సెన్సరుకే గుర్తింపు ఉండే పద్ధతిని ఎంచుకోవడం ఉత్తమం. ఆర్ఎస్-485 తీగ మీద నడిచే మోడ్‌బస్ సెన్సర్లలో ప్రతిదానికీ 1 నుండి 247 లోపల ఒక చిరునామా ఇవ్వవచ్చు. డీఎస్18బీ20 ఉష్ణోగ్రత సెన్సరులో కర్మాగారంలోనే ముద్రించిన 64 బిట్ల విశిష్ట సంఖ్య ఉంటుంది. అనేక మోడ్‌బస్ సెన్సర్లను ఒకే కన్వర్టరు మీద నడిపితే యూఎస్‌బీ పరికరాల సంఖ్యే తగ్గి, గందరగోళానికి అవకాశం కూడా తగ్గుతుంది.

ఈ ఆలోచన ఈ నేలకు కొత్తది కాదు. ఆహార, వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో జరిగిన రైతుల భూగర్భజల నిర్వహణ ప్రాజెక్టు అమలైన 7 కరవు జిల్లాల్లో ప్రకాశం ఒకటి. అందులో రైతులే పరిశీలన బావుల నీటిమట్టాన్ని స్వయంగా కొలిచి రాసేవారు. రైతు తాను ముందుగా ఏ బావి వద్దకు వెళితే దాన్ని ఒకటో బావి అని రాయడు. బావి గుర్తింపు బావికే ఉంటుంది. కాగితం మీద రైతు సహజంగా పాటించే ఈ క్రమశిక్షణను యంత్రానికి నేర్పడమే ఇప్పుడు చేయవలసిన పని.

కొన్ని అభ్యంతరాలు

ప్రోగ్రాము ఆరంభాన్ని ఒక నిమిషం ఆలస్యం చేస్తే పరికరాలన్నీ సిద్ధమవుతాయని, అంతటితో సమస్య తీరుతుందని కొందరి వాదన. ఆలస్యం వల్ల పరికరాలు అందుబాటులోకి వస్తాయి గాని వాటి వరుస స్థిరపడదు. మధ్యలో తెగి కలిసే పరికరాన్ని ఈ ఉపాయం అసలు తాకనే తాకదు.

తేడా వస్తే విశ్లేషణలో తెలిసిపోతుందన్నది మరొక వాదన. పంట లేని మడికి, పంట ఉన్న మడికి మధ్య తారుమారైతే తెలియవచ్చు. దగ్గరి విలువలున్న మడుల మధ్య తెలియదు. ప్రయోగం చేసేదే తేడా ఉందో లేదో తెలియనప్పుడు కదా. ముందే తెలిసిన తేడాతో డేటాను సరిచూడటం తర్కానికి నిలవదు.

లోరా వంటి తీగ రహిత సెన్సర్లు వచ్చాక యూఎస్‌బీ గొడవే ఉండదని చెప్పేవారూ ఉన్నారు. లోరావాన్‌లో ప్రతి పరికరానికి 64 బిట్ల విశిష్ట గుర్తింపు ఉన్న మాట నిజం. అంటే అక్కడ కూడా పరిష్కారం స్థిరమైన గుర్తింపే. ఆ గుర్తింపు ఏ మడికి చెందినదో రాసిపెట్టే పట్టిక అప్పుడూ కావాలి. సాధనం మారినా బాధ్యత మారదు.

యూడెవ్ లేని చిన్న వ్యవస్థలు

విద్యుత్తు, జ్ఞాపకశక్తి పొదుపు కోసం కొందరు బిల్డ్‌రూట్, ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ వంటి చిన్న లినక్స్ వ్యవస్థలను వాడతారు. వీటిలో యూడెవ్ తప్పనిసరిగా ఉండదు. బిల్డ్‌రూట్‌లో కెర్నల్ స్వయంగా పరికర ఫైళ్లను సృష్టించే పద్ధతిని గాని, బిజీబాక్స్‌లోని ఎమ్‌డెవ్‌ను గాని, పూర్తి స్థాయి యూడెవ్ తరహా సాధనాన్ని గాని ఎంచుకోవచ్చు. ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీలో హాట్‌ప్లగ్ స్క్రిప్టులు ఆ పని చేస్తాయి. కనుక పెద్ద వ్యవస్థలో సరిగా నడిచిన ప్రోగ్రాము, చిన్న వ్యవస్థకు మార్చగానే లంకెలు కనబడక విఫలం కావచ్చు. అప్పుడు కొందరు మళ్లీ అంకెల పేర్లకే తిరిగి వెళతారు. అది అవసరం లేదు. కెర్నల్ సిస్ఎఫ్ఎస్‌లో ప్రతి పరికరపు పోర్టు మార్గం, తయారీదారు సంఖ్య, క్రమసంఖ్య అన్నీ సిద్ధంగా ఉంటాయి. నాలుగు వరుసల స్క్రిప్టు వాటిని చదివి సరైన లంకెను సృష్టించగలదు.

ఆచరణకు కొన్ని సూచనలు

మొదటిది కొనుగోలుకు సంబంధించినది. టెండరు పత్రంలో ‘యూఎస్‌బీ కన్వర్టరు’ అని మాత్రమే రాస్తే అతి తక్కువ ధరకు వచ్చే, క్రమసంఖ్య లేని చిప్పే చేరుతుంది. ప్రతి కన్వర్టరుకు విశిష్టమైన, తిరిగి రాయదగిన క్రమసంఖ్య ఉండాలని స్పష్టంగా పేర్కొనాలి. నకిలీ చిప్పుల విషయంలో జాగ్రత్త అవసరం. 2014లో ఎఫ్‌టీడీఐ విడుదల చేసిన విండోస్ డ్రైవరు నకిలీ చిప్పుల ఉత్పత్తి సంఖ్యను సున్నాగా మార్చివేసినందున, ప్రపంచవ్యాప్తంగా అనేక పరికరాలు ఒక్కసారిగా గుర్తింపు కోల్పోయాయి.

రెండవది, లోపం వచ్చినప్పుడు ప్రోగ్రాము ప్రవర్తన. కోరిన పేరు కనబడకపోతే ప్రోగ్రాము తరువాతి పోర్టును వెదకి తెరవకూడదు. ఆ గడిని ఖాళీగా ఉంచి హెచ్చరిక పంపాలి. ఖాళీ గడిని గణాంక శాస్త్రం సంబాళించగలదు. తప్పు మడి విలువను సంబాళించలేదు.

మూడవది పరీక్ష. క్షేత్రంలో నెలకొల్పే ముందు లాగరు విద్యుత్తును కనీసం పదిసార్లు తీసి పెట్టాలి. పరికరాలను వేర్వేరు వరుసల్లో తగిలించి చూడాలి. ప్రోగ్రాము నడుస్తుండగా ఒక సెన్సరును ఊడదీసి మళ్లీ కలపాలి. ప్రతిసారీ ఒక్కొక్క సెన్సరును నీటిలో ముంచి, ఏ పేరు మీద విలువ పెరిగిందో సరిచూడాలి. తెర మీద పేరు సరిగా ఉన్నదనుకోవడం కంటె తడిసిన సెన్సరే పలికిందని నిర్ధారించుకోవడం మేలు.

నాల్గవది రికార్డు. లాగరు పెట్టె లోపల పోర్టులకు రంగు గుర్తులు, మడి సంఖ్యలు అతికించాలి. అదే పట్టిక క్షేత్ర పుస్తకంలోను, డేటా ఫైలు మొదట్లోను ఉండాలి. సెన్సరు మార్చిన తేదీ, సమయం, పాత, కొత్త క్రమసంఖ్యలు తెలుగులో రాసే అలవాటు క్షేత్ర సహాయకునికి నేర్పాలి. పరిశోధన వ్యాసంలోని ‘పరికరాలు, పద్ధతులు’ విభాగంలో సెన్సరు నమూనాతో పాటు గుర్తింపు పద్ధతిని ఒక వాక్యంలోనైనా తెలియజేయడం, సమీక్షకులు దానిని అడగడం ఆచారంగా మారాలి.

అయిదవది బోధన. వ్యవసాయ ఇంజనీరింగు విద్యార్థులకు సెన్సరు చదవడం నేర్పే ప్రయోగ తరగతిలోనే, రెండు ఒకే రకపు సెన్సర్లను ఇచ్చి, విద్యుత్తు తీసి పెట్టి, పేర్లు తారుమారు కావడం కళ్లారా చూపించాలి. ఒక గంట సరిపోయే ఈ పాఠం తరువాత పరిశోధనలో ఒక పంటకాలాన్ని కాపాడగలదు.

మెట్ట ప్రాంతంలో ఒక పంటకాలం తప్పితే ప్రయోగానికి మరొక ఏడాది ఆగాలి. మరుసటి ఏడాది వర్షం ఇదే తీరులో కురుస్తుందన్న హామీ లేదు. కరవు ఏడాదిలో సేకరించిన నేల తేమ డేటా ఎంత డబ్బు పోసినా తిరిగి రానిది. విస్తరణ శాస్త్రవేత్త రాచర్ల రైతు ముందు నిలబడి ఈ తడి మానుకోవచ్చునని చెప్పినప్పుడు, ఆ మాట వెనుక ఉన్న అంకె ఏ మడిదో సందేహం ఉండకూడదు. వచ్చే ఖరీఫ్‌కు లాగర్లను పొలాలకు పంపేలోపు ప్రతి పెట్టెలోను పోర్టుల పట్టిక, స్థిరమైన పేర్ల నియమాలు, క్రమసంఖ్యతో కూడిన డేటా వరుస ఉన్నాయో లేదో సరిచూసే బాధ్యతను ప్రతి పరిశోధన కేంద్రం చేపట్టడం వాంఛనీయం.